1840ల నాటి ఐర్లండ్ పల్లెల్లో అసలు ఏం వేసుకునేవాళ్లు? నేను కొన్నదంతా తప్పట!

గాల్వే_గోదారి
మావాడి స్కూల్లో వచ్చే నెల 1840ల నాటి పల్లె జీవితం మీద కార్యక్రమం ఉంది. పిల్లలందరూ ఆ కాలపు పల్లెటూరి వేషంలో రావాలని చీటీ పంపారు. నేను టూరిస్టు షాపుకెళ్లి తెల్ల అరాన్ స్వెటరు, ట్వీడ్ టోపీ, పచ్చ వెయిస్ట్‌కోటు కొన్నాను. తక్కువ డబ్బేం కాదు. టీచరుకి ఫొటో చూపిస్తే నవ్వేసి, "ఇందులో 1840లది ఒక్కటీ లేదు" అంది. మరి ఏది వేయాలో చెప్పు తల్లీ అంటే, అది వెతకడమే హోంవర్కు అంట. పిల్లాడికా నాకా? నెట్‌లో చూస్తే ఒకడు కిల్ట్ (స్కాట్లండ్ మగవాళ్ల గళ్ల లంగా) అంటాడు, ఇంకొకడు సూటూ బూటూ అంటాడు. మావాడికి తొమ్మిదేళ్లు, అమ్మాయికి ఆరు, ఇద్దరికీ కావాలి. తెలిసినవాళ్లు చెప్పండి, టెన్షన్‌గా ఉంది.

అట్లాంటిక్_అన్న
టీచరు చెప్పింది కరెక్టే. ఆ స్వెటరు మీద జడలల్లికలు చూస్తే వేల ఏళ్ల నాటిదేమో అనిపిస్తుంది గానీ, గాల్వే తీరానికి ఎదురుగా ఉన్న అరాన్ దీవుల్లో అది మొదలైంది 1900 ప్రాంతాల తర్వాతే. 1891లో పడమటి తీరపు పేద జిల్లాల కోసం ప్రభుత్వం ఒక బోర్డు పెట్టి చేపలవేట, నేత, అల్లిక పనులకు ఊతమిచ్చింది. బయటి జాలర్ల జెర్సీలు చూసి దీవుల ఆడవాళ్లు తమ పద్ధతిలో అల్లడం ఆ తర్వాతి ముచ్చట. ప్రపంచమంతా కొనడం ఇంకా ఆలస్యంగా, 1950ల నుంచి. 1961లో క్లాన్సీ బ్రదర్స్ అనే ఐరిష్ పాటగాళ్లు అమెరికా టీవీలో అవి వేసుకుని పాడాక ఇక ఆగలేదు. మీ ట్వీడ్ టోపీ కూడా తర్వాతి కాలానిదే. పచ్చ వెయిస్ట్‌కోటు సంగతి, అది లెప్రికాన్ బొమ్మది, అంటే ఐరిష్ కథల్లో మరుగుజ్జు ఫెయిరీది.

చిల్లరశ్రీను
బిల్లు దాచావా అక్కా?

గాల్వే_గోదారి
దాచాను. ఈలోపు మావారు "పోనీ నేను వేసుకుంటా" అని స్వెటరు ట్రై చేశారు, భుజాల దగ్గరే ఇరుక్కుపోయింది. ఇప్పుడు వాపసు తీసుకుంటారో లేదో.

కార్క్_కోడలు
అట్లాంటిక్_అన్నా, ఇది నేను ఒప్పుకోను. ఒక్కో వంశానికి ఒక్కో అల్లిక ఉండేదని, సముద్రంలో పోయినవాళ్లని స్వెటరు డిజైను చూసి గుర్తుపట్టేవాళ్లని మా అత్తగారు చెప్తారు. ఆవిడ ఇక్కడే పుట్టి పెరిగిన మనిషి.

అట్లాంటిక్_అన్న
అత్తగారితో గొడవ పెట్టుకోమని చెప్పను గానీ, ఆ కథ ఒక నాటకంలోంచి పాకింది. సింగ్ అనే ఐరిష్ రచయిత 1898 నుంచి వరసగా కొన్ని వేసవులు అరాన్ దీవులకు వెళ్లి ఉన్నాడు. 1904లో ఆడిన ఆయన నాటకంలో మునిగిపోయిన కుర్రాణ్ణి చెల్లెలు గుర్తుపడుతుంది, నిజమే. కానీ స్వెటరుతో కాదు, మేజోడుతో. తను అల్లేటప్పుడు నాలుగు కుట్లు వదిలేసింది, ఆ లెక్క ఆమెకు గుర్తుంది. వంశం, డిజైను, ఇదంతా స్వెటర్లు అమ్మేవాళ్లు తర్వాత చేర్చిన మసాలా.

కార్క్_కోడలు
సరే, ఆవిడకి మాత్రం నేను చెప్పను.

బడిపంతులు_67
మా అబ్బాయి డబ్లిన్‌లో ఉంటాడు, వాడి దగ్గరికి వెళ్లినప్పుడు మేయో కౌంటీలో కాసిల్‌బార్ పక్కన టర్లో పార్క్‌లో ఉన్న పల్లె జీవితపు మ్యూజియం చూశాను. నేషనల్ మ్యూజియం వాళ్లదే, టికెట్ లేదు. అమ్మా గోదారీ, మీకు గాల్వే నుంచి పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేయొచ్చు, వెళ్లండి. ఈలోపు నాకు తెలిసింది రాస్తాను.

మగవాళ్లకి ఫ్రీజ్ అని ఒక ముతక ఉన్నిగుడ్డ. ఇంట్లో ఆడవాళ్లు ఉన్ని ఏకి వడికి ఇస్తే ఊరి నేతగాడు నేసేవాడు, నేసిన గుడ్డని తడిపి తొక్కి తొక్కి దళసరి చేసేవాళ్లు. ఆ గుడ్డతో కుట్టిన, వెనక రెండు తోకలు వేలాడే కోటు, వెయిస్ట్‌కోటు, మోకాలి దాకా వచ్చే బ్రీచెస్, ఉన్ని మేజోళ్లు, తోలు బూట్లు, తల మీద ఫెల్ట్ టోపీ. 1840ల నాటికి పొడుగు ప్యాంట్లు వస్తున్నాయి కానీ బ్రీచెస్ ఇంకా పోలేదు. కార్టూన్లలో ఐరిష్ రైతుని ఆ తోక కోటుతో ఎందుకు గీస్తారో అర్థమైందా? పొలంలో బురద తవ్వేటప్పుడూ అదే కోటు, ఆదివారం పూజకీ అదే కోటు.

ఆడవాళ్లకి ఉన్ని లంగా, మీద రవిక లాంటి బిగుతు జాకెట్టు, భుజాల మీద త్రికోణంగా మడిచిన గుడ్డ, ముందు ఏప్రను. పడమటి వైపు, ముఖ్యంగా గాల్వే, మేయోల్లో లంగా ఎర్ర ఫ్లానెల్‌ది. చలికి ఒకదాని మీద ఒకటి రెండు మూడు వేసేవాళ్లు, పని చేసేటప్పుడు పైదాన్ని ఎత్తి నడుముకి దోపుకునేవాళ్లు. పెళ్లైనవాళ్లు తెల్ల లినెన్ టోపీ పెట్టుకోవాలి, కన్నెపిల్లలు జుట్టు కనబడేలా తిరగొచ్చు. డబ్లిన్ నేషనల్ గ్యాలరీలో బర్టన్ 1841లో వేసిన చిత్రం ఉంది, అరాన్ జాలరి బిడ్డ మునిగిపోయిన ఘట్టం. అందులో దుస్తులు బాగా చూడొచ్చు.

పిల్లలకి ప్రత్యేకంగా బట్టలంటూ లేవు. పెద్దవాళ్లవి కత్తిరించి కుట్టినవే. కాళ్లకి ఏమీ లేవు. మీవాడికి ఖర్చు తక్కువ.

పల్లెపడుచు
ఎర్ర లంగానా! ఐర్లండ్ అంటే అంతా పచ్చే అనుకున్నా ఇన్నాళ్లూ.

అట్లాంటిక్_అన్న
పచ్చ ఫెయిరీల రంగు, కట్టుకుంటే వాళ్ల కన్ను పడుతుందని చాలాచోట్ల భయం కూడా. ఈ పచ్చ పిచ్చి అంతా జాతీయోద్యమం, అమెరికా ఊరేగింపుల చలవ. కిల్ట్ కూడా అంతే. పందొమ్మిదో శతాబ్దం చివర్లో భాష, సంస్కృతి ఉద్యమాల వాళ్లు పట్టణాల్లో మొదలుపెట్టిన వేషం. 1840ల రైతుకి కిల్ట్ చూపిస్తే స్కాట్లండ్ సైనికుడొచ్చాడని తలుపేసుకునేవాడు.

పెడన_రంగులు
రంగుల మాట వచ్చింది కాబట్టి నేనూ దిగుతున్నా, మాది అద్దకం ఇల్లు. ఆ ఎరుపు మ్యాడర్‌ది, మన మంజిష్ఠ కుటుంబపు వేరు. అక్కడ ఇళ్లల్లో అద్దుకునే ముదురు గోధుమ, తుప్పు రంగులు రాళ్ల మీద పెరిగే ఒక రకం రాతిపాచివి. దాన్ని గీకి ఉన్నితో పాటు ఇనప కుండలో ఉడికిస్తే చాలు, వేరే పటిక గిటిక అక్కర్లేదు. నీలం మాత్రం వాళ్లకి దొరికేది కాదు, నీలిమందు కొట్లో కొనాల్సిందే. ఆ కాలంలో బ్రిటన్‌కి నీలిమందు మన దేశం నుంచే వెళ్లేది, ఎక్కువ బెంగాల్‌ది. మన కడప నీలిమందుకీ లండన్ మార్కెట్లో వేరే గ్రేడు ఉండేది. గాల్వే పక్కనున్న క్లాడా అనే జాలరిపేట ఆడవాళ్ల నీలం క్లోకుల (ఒళ్లంతా కప్పే పైవస్త్రాల) వెనక మనవాళ్ల చెమట కూడా ఉందన్నమాట.

ఇంకో సంగతి, తినేవాళ్లు ఆగండి. నీలిమందు నీళ్లలో ఊరికే కరగదు. మన దగ్గర సున్నం, తగిరిస గింజలు వేసి తొట్టి పులియబెడతారు. వాళ్లు ఇంటిల్లిపాదీ మూత్రం ఒక పీపాలో నిలవ చేసి, అది బాగా పాతబడ్డాక అందులో రంగు కట్టేవాళ్లు. ఉన్నిలో జిడ్డు పోగొట్టడానికీ అదే. రంగు గట్టిగా నిలుస్తుంది, అనుమానం లేదు.

చిల్లరశ్రీను
అక్కా, స్కూల్లో ఈ పాయింటు చెప్పిస్తే మీవాడికి ఫస్ట్ ప్రైజ్.

గాల్వే_గోదారి
వాడు ఇప్పటికే చదివేశాడు. "మనం కూడా చేద్దామా" అంటున్నాడు. థాంక్స్ అండీ పెడన గారూ.

కార్క్_కోడలు
క్లోకు గురించి నేను చెప్తా, ఇది కళ్లతో చూసింది. మా అత్తగారి అమ్మమ్మది ఒకటి ఇంట్లో ఉంది. నల్లటి దట్టమైన ఉన్ని, మడమల దాకా ఉంటుంది. మెడ వెనక ఒక చారెడు జాగాలో గుడ్డంతా సన్నసన్నగా కుచ్చిళ్లు పెట్టి కుట్టారు. ఒక్కో కుచ్చి అగ్గిపుల్ల మందం ఉంటుందేమో, చేత్తో కుట్టిందే అంతా. ఆ కుచ్చిళ్లలోంచి హుడ్ లేస్తుంది, లోపల నల్ల శాటిన్ లైనింగు. మెడ దగ్గర ఒకటే కొక్కెం. నేను వేసుకుంటే హుడ్ ఎంత పెద్దదంటే నా మొహం కనబడలేదు, రెండు నిమిషాల్లో భుజాలు లాగాయి. పశ్చిమ కార్క్‌లో ముసలమ్మలు 1900 దాటాక కూడా చాలా ఏళ్లు వేసుకున్నారు. చిన్న రైతుల ఇళ్లలో ఒక క్లోకు కొనడం అంటే పెద్ద ఖర్చు, అందుకే అమ్మ నుంచి కూతురికి వచ్చేది. గోదారక్కా, మీ అమ్మాయికి నల్ల దుప్పటి కుచ్చిళ్లు పెట్టి కుట్టేయండి, దూరం నుంచి తెలియదు.

నేతన్న_సిరిసిల్ల
పంతులు సార్ చెప్పింది మంచిగనే ఉంది కానీ అది కాస్త కలిగినోళ్ల లెక్క. సొంత గొర్రె, సొంత రాట్నం ఉన్న రైతు ఇల్లు. కూలోళ్ల సంగతి ఏంది? అప్పుడు జనాభాలో ఎక్కువ వాళ్లే కదా.

బడిపంతులు_67
మంచి ప్రశ్న బాబూ. 1841 జనాభా లెక్కల్లో ఐర్లండ్‌లో 81 లక్షల పైచిలుకు జనం. ఇళ్లని నాలుగు తరగతులుగా రాశారు, ఆఖరి తరగతి అంటే ఒకే గది ఉన్న మట్టి గుడిసె. మొత్తం ఇళ్లలో మూడో వంతు కంటే ఎక్కువ అవే. ఆ ఇళ్లవాళ్లకి గొర్రె ఎక్కడిది? వాళ్లు కట్టుకున్నవి చాలావరకు సెకండ్ హ్యాండ్. ఇంగ్లండ్ నుంచి పాత బట్టల మూటలు ఓడల్లో వచ్చేవి, సంతల్లో కుప్పలు పోసి అమ్మేవాళ్లు. ఎవరో లండన్ గుమాస్తా విడిచిన తోక కోటు మేయోలో బంగాళాదుంపలు తవ్వేది. మోచేతులు చిరిగితే వేరే రంగు గుడ్డ, అదీ చిరిగితే దాని మీద ఇంకోటి. ఆ కాలపు ప్రయాణికులు చాలామంది రాసింది ఇదే, గుడ్డ ఏదో అతుకు ఏదో తెలియదని.

అట్లాంటిక్_అన్న
అందుకే "సంప్రదాయ దుస్తులు" అని ఒక్క బొమ్మ గీసి పెట్టడం నాకు నచ్చదు. ఎర్ర లంగా, క్లోకు ఉన్నవాళ్లు కనీసం ఫొటోకి, చిత్రానికి నిలబడ్డారు. అతుకుల కోటువాణ్ణి ఎవరు గీశారు?

బడిపంతులు_67
గీశారు, 1845లో బంగాళాదుంప తెగులుతో కరువొచ్చాక. 1847లో లండన్ బొమ్మల పత్రిక వాళ్లు కార్క్ చిత్రకారుడు మహోనీని స్కిబరీన్ ప్రాంతానికి పంపారు. 1849 డిసెంబరులో అదే పత్రికలో వచ్చిన బ్రిజెట్ ఓడొనెల్, ఆమె పిల్లల బొమ్మ చూడండి. క్లేర్ కౌంటీలో ఇల్లు కూలగొట్టి వెళ్లగొట్టిన మనిషి. వాళ్ల ఒంటి మీద ఉన్నవి బట్టలనడానికి లేదు. తిండికి లేక ముందు తాకట్టు పెట్టింది పరుపులు, దుప్పట్లు, ఆదివారం బట్టలే. తాకట్టు కొట్లు బట్టలతో నిండిపోయి కొత్తవి తీసుకోవడం మానేశాయి. చలికాలంలో కట్టుకోను లేక జనం కరువు సాయంగా పెట్టిన రోడ్డు పనులకి కూడా వెళ్లలేకపోయారు. వర్క్‌హౌస్‌లో, అంటే దిక్కులేని పేదల్ని పెట్టి పని చేయించుకునే ఆశ్రమంలో, చేరితే ఆ ఉన్నవి కూడా విప్పించి యూనిఫాం ఇచ్చేవాళ్లు. గాల్వే కౌంటీలో పోర్టమ్నా వర్క్‌హౌస్ ఇప్పుడు మ్యూజియం, అక్కడికీ పిల్లల్ని తీసుకెళ్లండి. స్కూలు చీటీలో 1840లు అని రాశారు, 1842 వేరు 1847 వేరు. టీచరుని అడగండి ఏ ఏడాదో.

గాల్వే_గోదారి
ఇది నేను అసలు ఆలోచించలేదండీ. అడుగుతాను.

చిల్లరశ్రీను
మూడ్ డల్ అయింది. కాళ్లకి చెప్పుల్లేవన్నారు, ఆ చలిలో ఎలా?

కార్క్_కోడలు
అలవాటు. బూట్లు ఉన్నవాళ్లు కూడా వేసుకునేవాళ్లు కాదు. సంతకో పూజకో వెళ్లేటప్పుడు ఆడవాళ్లు బూట్లు చేత్తో పట్టుకుని మైళ్లు నడిచి, ఊరి మొదట్లో వాగు దగ్గర కాళ్లు కడుక్కుని అప్పుడు తొడుక్కునేవాళ్లు. తిరుగు దారిలో మళ్లీ విప్పేయడం. బూట్లు అరిగిపోకూడదు కదా.

నేతన్న_సిరిసిల్ల
అలవాటు అనకక్కా, లేమి అను. కొనే పైసలుంటే ఎవడన్నా మంచులో ఉత్త కాళ్లతో నడుస్తడా?

కార్క్_కోడలు
రెండూ తమ్ముడూ. గట్టి రైతుల పిల్లలు కూడా వేసవంతా చెప్పుల్లేకుండానే తిరిగేవాళ్లు. ఆడవాళ్లకి పాదం లేని మేజోళ్లు ఉండేవి, మోకాలి నుంచి మడమ దాకా వచ్చి కింద ఒక ఉచ్చు బొటనవేలికి తగిలించుకునే రకం. కాలికి వెచ్చదనం కావాలి, అరికాలు మాత్రం నేల మీదే. డబ్బు లేకపోతే అలాంటి వస్తువు ఎందుకు అల్లుకుంటారు?

అట్లాంటిక్_అన్న
అరాన్‌లో అయితే ఇంకోటుంది, పాంపూటీలు. పచ్చి ఆవుతోలు ముక్క ఒక్కటి, వెంట్రుకలు బయటికి ఉండేలా పాదం చుట్టూ మడిచి, వేళ్ల దగ్గరా మడమ దగ్గరా చేపల గాలం దారంతో బిగించి కట్టేది. ఊనని తోలు కాబట్టి ఎండితే కర్రలా గట్టిపడుతుంది, అందుకే రాత్రి నీళ్లలో నానబెట్టాలి, పగలు నడుస్తూ నడుస్తూ మధ్యలో సముద్రంలో కాళ్లు ముంచాలి. ఆ దీవులంతా పదునైన సున్నపురాయి, బూటు మడమలు జారతాయి, ఇవి పట్టుకుంటాయి. సింగ్ కూడా తన బూట్లు రాళ్లకి కోసుకుపోయాక ఇవే కట్టించుకున్నాడు. నడుముకి రంగురంగుల ఉన్ని పట్టీ కట్టేవాళ్లు. మగ్గం లేకుండా ఒక కొస కాలికి తగిలించుకుని వేళ్లతో నేసేది. గోదారి గారూ, అలాంటి పట్టీ ఒకటి కొంటే మిగతా అంతా అతుకులైనా వేషం నిలబడుతుంది.

పల్లెపడుచు
నేనొక ఫొటో చూశాను, 1890ల తర్వాతిది అనుకుంటా, గాల్వే కౌంటీ పడమటి కొస కనమారా వైపు బడి పిల్లలది. అందరూ లంగాల్లో ఉన్నారు. కింద "బాలురు" అని రాసి ఉంది! ప్రింటింగ్ తప్పా?

కార్క్_కోడలు
తప్పు కాదు. పడమటి తీరంలో మగపిల్లలకి పది పన్నెండేళ్ల దాకా లంగాలే. ఫెయిరీలు మగపిల్లల్ని ఎత్తుకుపోయి బదులుగా రోగిష్టి పిల్లాణ్ణి వదిలేస్తాయని నమ్మకం. లంగా వేస్తే ఆడపిల్ల అనుకుని వదిలేస్తాయట.

పెడన_రంగులు
పుట్టినవాళ్లు పోతుంటే తర్వాతి బిడ్డకి పుల్లయ్య, పెంటయ్య అని పేరు పెట్టి యముణ్ణి మోసం చేసే తెలివే ఇదీ. మా తాత పేరు పెంటయ్యే.

నేతన్న_సిరిసిల్ల
ఫెయిరీలు పాపం ఏండ్ల తరబడి ఒక్కసారి కూడా లంగా లేపి చూడలే?

అట్లాంటిక్_అన్న
హహ. ఫెయిరీల కథ జనం చెప్పిన కారణం. ఇంకోటి మామూలు కారణం. పిల్లాడు ఎదుగుతుంటే లంగాకి అంచు విప్పితే చాలు, ప్యాంటు అయితే మళ్లీ దర్జీ కావాలి. చిన్నపిల్లలకి ఒకటికీ రెంటికీ కూడా సులువు. ఆ రోజుల్లో యూరప్‌లో గొప్పింటి మగపిల్లలకి కూడా గౌన్లే, కాకపోతే ఐదారేళ్లకి మార్చేసేవాళ్లు. ఇక్కడ ఎక్కువకాలం సాగింది.

కార్క్_కోడలు
మామూలు కారణం ఉంటే భయం ఉండకూడదని ఏముంది? వెన్న చిలికే దగ్గర చూడండి ఎన్ని భయాలో. చిలుకుతుండగా ఎవరు ఇంట్లోకి వచ్చినా "ఈ ఇంటికి దేవుడి దీవెన" అని కవ్వానికి ఒక చెయ్యి వేయాల్సిందే. వేయకుండా వెళ్లిపోతే వెన్న అదృష్టం పట్టుకుపోయాడని అనుమానం. ఆ టైములో పొయ్యిలోంచి నిప్పు ఎవరికీ ఇవ్వరు, పైపు వెలిగించుకోవడానికి కూడా. మే నెల మొదటి రోజైతే పాలూ నిప్పూ గడప దాటవు. అద్దె కట్టేది వెన్న అమ్మిన డబ్బుతో, మరి భయం ఉండదా?

గాల్వే_గోదారి
ఒక్క నిమిషం. మావాడు తొమ్మిదేళ్లవాడు, మేముండేది గాల్వే. అంటే లెక్క ప్రకారం వాడికి లంగా వేయాలా???

చిల్లరశ్రీను
ఈ థ్రెడ్ ఇంక మూసేయొచ్చు. పరమార్థం దొరికింది.

గాల్వే_గోదారి
వాణ్ణి అడిగాను. ససేమిరా అన్నాడు. చెల్లెలు మాత్రం వాడికి తన లంగా ఇస్తానని వెంటపడుతోంది.

మోడరేటర్_మల్లి
ఫొటో పెట్టకండి, పెద్దయ్యాక వాడు మన ఫోరం మీద కేసు వేస్తాడు.

పల్లెపడుచు
ఇంట్లో ఏం తినేవాళ్లో కూడా చెప్పండి ఎవరైనా. కార్యక్రమంలో తిండి ఉంటుందిగా.

బడిపంతులు_67
బంగాళాదుంప, మజ్జిగ. ఇంతే, పొద్దునా మధ్యాహ్నమూ రాత్రీ. పని చేసే మగవాడు రోజుకి ఐదారు కిలోలు తినేవాడు, అతిశయోక్తి కాదు. లంపర్ అనే రకం, రుచి తక్కువ, కాపు ఎక్కువ. ఉడికిన కుండ వార్చి వెడల్పు బుట్టలో పోసి, ఆ బుట్టని కుండ మీదే పెట్టి ఇల్లంతా చుట్టూ కూర్చునేవాళ్లు. చాకు లేదు, తొక్క తీయడానికి బొటనవేలి గోరు పొడుగ్గా పెంచేవాళ్లు. ఉప్పు కలిపిన నీళ్లు ఒక గిన్నెలో, అందులో అద్దుకోవడం. ఒక జోకు ఉండేది. చూరుకి ఒక ఎండు చేపో పంది మాంసం ముక్కో వేలాడదీసి, దుంపని దానివైపు చూపించి నోట్లో వేసుకోవాలి, ముక్క మాత్రం ముట్టకూడదు. జూలై, ఆగస్టు నెలల్లో పాత దుంపలు అయిపోయి కొత్తవి రాక, క్యాబేజీ ఆకులతో నెట్టుకొచ్చేవాళ్లు, కొందరు భార్యాబిడ్డలతో పొరుగు జిల్లాలకి అడుక్కోవడానికి వెళ్లేవాళ్లు, తమ ఊళ్లో సిగ్గని. ఒకే రకం దుంప మీద ఇన్ని లక్షల ప్రాణాలు ఆధారపడ్డాయి కాబట్టే 1845లో తెగులు వచ్చేసరికి దేశం కూలిపోయింది. సుమారు పది లక్షలమంది పోయారు, అంతకంటే ఎక్కువమంది ఓడెక్కారు.

నేతన్న_సిరిసిల్ల
గప్పుడు కూడ గోధుమలు, వెన్న, పశువులు ఇంగ్లండ్‌కి ఎగుమతి అయినయంట కదా సార్.

బడిపంతులు_67
అయ్యాయి. కొన్ని ఏళ్లలో బయటి నుంచి మొక్కజొన్న దిగుమతి దానికంటే ఎక్కువే వచ్చింది, కానీ కొనడానికి చేతిలో డబ్బు లేదు. అది వేరే థ్రెడ్ పెట్టాల్సిన విషయం, మొదలుపెడితే నేను ఆగను.

అట్లాంటిక్_అన్న
ఇంకో సంగతి, కరువు తర్వాత బట్టలు కూడా మారాయి. అమెరికా వెళ్లినవాళ్లు పంపే పార్సెళ్లలో టోపీలు, గౌన్లు, రెడీమేడ్ కోట్లు వచ్చేవి. రైళ్లొచ్చి కొట్లు పెరిగాయి. ఇంటింటికీ తిరిగి బల్ల మీద మఠం వేసుకుని కుట్టే దర్జీకి పని తగ్గింది. అతను ఇంట్లో ఉన్నన్ని రోజులూ భోజనం వాళ్లదే, ఊళ్ల కబుర్లు అతనివి. శాలువలు కూడా ఎక్కువగా కనబడేది శతాబ్దం చివరి సగంలోనే. కాబట్టి 1890ల ఫొటో చూసి 1840ల వేషం కుట్టకండి.

మేరీ_గుంటూరు
పెళ్లిళ్ల గురించి ఎవరూ రాయలేదే. లెంట్‌లో, అంటే ఈస్టర్‌కి ముందు ఉపవాసాల రోజుల్లో, పెళ్లిళ్లు చేయరు కదా, అందుకని విభూది బుధవారానికి ముందు రోజుల్లో ఐరిష్ పల్లెల్లో హడావుడిగా పెళ్లిళ్లయ్యేవి. ఆ గడువు దాటి పెళ్లికాకుండా మిగిలినవాళ్లకి లెంట్ మొదటి ఆదివారం గుడికి వెళ్తుంటే వెనక నుంచి సుద్దముక్కతో కోటు మీద గీతలు గీసేవాళ్లు. దక్షిణాన మన్‌స్టర్ వైపు ఇది బాగా ఉండేది. ముప్పై దాటి పెళ్లికాని నేను అప్పుడు పుట్టనందుకు దేవుడికి స్తోత్రం.

చిల్లరశ్రీను
మన చుట్టాలు సుద్దముక్క లేకుండానే గీస్తారు.

మేరీ_గుంటూరు
కట్నం కూడా ఉంది అక్కడ, తెలుసా! మధ్యవర్తి, బేరాలు, అమ్మాయి తండ్రి వెళ్లి అబ్బాయి పొలం నడిచి చూడటం. పశువులు ఎక్కువ కనబడాలని పక్కింటి ఆవుల్ని తెచ్చి కట్టేసిన కథలు బోలెడు.

బడిపంతులు_67
కరువు తర్వాత అది ఇంకా బిగిసింది. అంతకు ముందు కొడుకులందరికీ చెక్కలు చెక్కలుగా పొలం పంచేవాళ్లు, త్వరగా పెళ్లిళ్లయ్యేవి. తర్వాత ఒక్క కొడుక్కే పొలం. అతని భార్య తెచ్చిన డబ్బుతో ఇంట్లో ఒక ఆడపిల్లకి పెళ్లి చేసేవాళ్లు, మిగిలినవాళ్లు అమెరికాకో మఠానికో.

మేరీ_గుంటూరు
మఠానికి వద్దు. నేను అమెరికా.

పల్లెపడుచు
శవం దగ్గర ఆటలు ఆడేవాళ్లని ఎక్కడో చదివాను, నిజమేనా?

కార్క్_కోడలు
నిజం. రాత్రంతా శవం పక్కన మేలుకునేవాళ్లు. గడియారం ఆపేస్తారు, అద్దం మీద గుడ్డ కప్పుతారు. ఒకవైపు శోకాలు పెట్టే ఆడవాళ్లు, కొన్ని చోట్ల డబ్బిచ్చి పిలిపించినవాళ్లే, పోయినాయన గుణగణాలు రాగం తీసి పాడతారు. ఇంకోవైపు కుర్రాళ్లు కుస్తీలు, పొడుపుకథలు, దొంగ పెళ్లిళ్ల ఆట. బిషప్పులు ఎన్నిసార్లు నిషేధించినా చాలాకాలం ఆగలేదు. వచ్చినవాళ్లందరికీ కొత్త మట్టి పైపు, అందులో పొగాకు. పైపు అందుకున్నవాళ్లు పోయినవాళ్ల ఆత్మ మీద దయ చూపమని ఒక మాట అని అప్పుడు వెలిగించాలి. ముక్కుపొడి ఒక పళ్లెంలో పోసి పెట్టేవాళ్లు. పేదింట్లో కూడా పైపులు, పొగాకు కోసం అప్పు చేసేవాళ్లు, లేకపోతే ఊళ్లో తలెత్తుకోలేరు.

నేతన్న_సిరిసిల్ల
ఆడోళ్లు కూడ తాగుదురా పైపు?

కార్క్_కోడలు
శుభ్రంగా. ముసలమ్మలైతే పొయ్యి పక్కన కూర్చుంటే పైపు నోట్లోంచి తీసేవాళ్లు కాదు. రాత్రి పడుకునే ముందు టర్ఫ్ (బురదనేల నుంచి తవ్వి ఎండబెట్టిన వంటచెరకు) నిప్పుల మీద బూడిద కప్పి, సెయింట్ బ్రిజిడ్ పేరు తలచుకుని ప్రార్థన చెప్తారు, పొద్దున బూడిద తీస్తే నిప్పు సిద్ధం. చాలా ఇళ్లల్లో నిప్పు తరాల తరబడి ఆరలేదని చెప్పుకునేవాళ్లు. మళ్లీ ఆ నిప్పుతోనే మొదటి పైపు.

గాల్వే_గోదారి
టీచరుని అడిగాను, 1842 అంట, కరువుకి ముందే. అమ్మాయికి ఎర్ర ఫ్లానెల్ లంగా, నల్ల దుప్పటి క్లోకు. అబ్బాయికి మావారి పాత కోటు కత్తిరించి అతుకులేస్తున్నా, మోకాలి దాకా ప్యాంటు, ఉత్త కాళ్లు. స్కూల్లో పాత పల్లె ఇంటి సీను ఒకటి వేస్తారట, ఏ సందర్భం పెడదామని పేరెంట్స్‌ని అడిగారు. ఎవరో వెన్న చిలకడం అన్నారు. నేను ఊరుకోకుండా శవ జాగరణ, మట్టి పైపులు, ముక్కుపొడి పళ్లెం సంగతి గ్రూపులో పెట్టాను. ప్రిన్సిపాల్ నుంచి ఫోనొచ్చింది.